పశువులు సైతం చేయని పని

"ఛీ, పశువులు సైతం ఇలాంటి పని చేయవు!"

స్వలింగప్రేమ ప్రస్తావన వచ్చిన చోటల్లా ఎవరో ఒకరి నోట ఈ వాక్యం వినబడుతుంది. చిత్రమేమిటంటే, ఆ మాట అన్న పెద్దమనిషే మరో సందర్భంలో, మరెవరి మీదో కోపం వచ్చి, "వాడు మనిషా, పశువా?" అని కూడా అంటాడు. మొదటి వాక్యంలో పశువు మనకు ఆదర్శం. రెండో వాక్యంలో అదే పశువు మనం దాటివచ్చిన బురద. ఈ రెండు వాక్యాలూ ఒకే నాలుక మీద ఇంత సఖ్యంగా ఎలా కాపురం చేస్తున్నాయన్నది నన్ను చాలాకాలంగా వేధించిన ప్రశ్న. దాని పూర్వాపరాలు వెతుక్కుంటూ పోతే కథ గ్రీకుల దాకా వెళ్ళింది, అక్కణ్ణుంచి దక్షిణ ధ్రువపు మంచుకు పోయి, చివరికి మన శిక్షాస్మృతి గుమ్మంలో వచ్చి ఆగింది. ఓపిక గల చదువరులు నాతో కాస్త దూరం నడవాలి.

ఈ వాదానికి లిఖితరూపంలో తొలి పెద్ద పోషకుడు ప్లేటో. యౌవనంలో పురుషుల మధ్య ప్రేమను ఆకాశానికెత్తిన ఆ మహానుభావుడే, వార్ధక్యంలో రాసిన 'లాస్' అనే గ్రంథంలో దాన్ని నిషేధించవలసిన కార్యంగా పేర్కొన్నాడు. అందుకు ఆయన పిలిచిన సాక్షులు అడవి మృగాలు. మగ మృగం మగ మృగాన్ని ఆ ఉద్దేశంతో తాకదు కనుక అది ప్రకృతివిరుద్ధమని ఆయన తర్కం. ఆయన మృగాలను ఎన్నడైనా పనిగట్టుకుని గమనించాడనడానికి ఆధారమేమీ లేదు. పనిగట్టుకుని గమనించినవాడు ఆయన శిష్యుడు. అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథంలో పావురాల గురించి రాస్తూ, మగపక్షి అందుబాటులో లేనప్పుడు ఆడపావురాలు ముక్కులు కలుపుకుని ఒకదాని మీదొకటి ఎక్కుతాయనీ, ఆ తరువాత గుడ్లు కూడా ఎక్కువగా పెడతాయనీ, అయితే అవి పొదిగినా పిల్లలు కావనీ నమోదు చేశాడు. కౌజుపిట్టల్లో మగవాటి మధ్య జరిగే ఇలాంటి సంగతులు కూడా ఆయన రాశాడు. గురువుగారి సిద్ధాంతాన్ని ఖండిస్తున్నానని ఎక్కడా చెప్పలేదు. చూసినది రాసి ఊరుకున్నాడు. ఆ గుడ్ల సంగతి చదువరులు గుర్తుంచుకోవాలి, దానితో తరువాత పని పడుతుంది.

గమనించినవాడి మాట కన్నా గమనించనివాడి మాటే ఎక్కువ కాలం చెలామణి అయింది. రోమన్ కవి ఓవిడ్ కావ్యంలో ఇఫిస్ అనే అమ్మాయి మరో అమ్మాయిని ప్రేమించి, ఆవు ఆవును కోరదే, గుర్రం గుర్రాన్ని కోరదే, నాకెందుకీ బాధ అని కుమిలిపోతుంది. ఇక్కడ పశువులు ఆదర్శం. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో 'బర్నబా లేఖ' అనే క్రైస్తవ రచన వచ్చింది. అది వరస తిరగవేసింది. కుందేలూ దుమ్ములగొండీ నీచ లైంగికవర్తన గల జంతువులు, అందుకే వాటి మాంసం నిషిద్ధం, మీరు వాటిలా ఉండకండి అని బోధించింది. దుమ్ములగొండి ఏటేటా ఆడామగా మారుతుందనే కథ దీనికి ఆధారం. ఆ కథ అబద్ధమని అరిస్టాటిల్ అప్పటికే నాలుగైదు వందల ఏళ్ళ కిందట తేల్చి చెప్పాడు, కానీ ఎవరు వినిపించుకున్నారు? పశువులు చేయవు కనుక తప్పు, పశువులు చేస్తాయి కనుక తప్పు. వాది వాదన ఎటు తిరిగినా తీర్పు మాత్రం మారదు.

ప్రాచీనులలో ఈ తమాషాను పట్టుకున్నవాడు ఒకడున్నాడు. లూసియన్ పేరు మీద చెలామణి అయ్యే 'అమోరెస్' అనే సంవాదంలో ఒక పాత్ర, సింహాలు ఇలాంటి పని చేయవని ప్లేటో వాదనే వల్లిస్తుంది. రెండో పాత్ర ఇచ్చే జవాబు చదివి నేను పైకే నవ్వాను. సింహాలు అలా ప్రేమించవు నిజమే, ఎందుకంటే అవి తత్త్వశాస్త్రం కూడా చదవవు కదా అంటాడతడు. జంతువులు చేయకపోవడమే ఒక పని తప్పనడానికి ప్రమాణమైతే, ముందుగా మూసెయ్యవలసినది ప్లేటోగారి బడినే.

మధ్యయుగాలను దాటేద్దాం. అక్కడ 'ప్రకృతివిరుద్ధం' అనే మాట మతశాస్త్రంలో గట్టిపడి, అక్కణ్ణుంచి చట్టాల్లోకి పాకింది. మన కథకు అంతమట్టుకు చాలు.

పందొమ్మిదో శతాబ్దంలో సాక్షులు మళ్ళీ బోనెక్కారు. ఈసారి వచ్చినవి పెంకుపురుగులు. ఐరోపాలో వేసవి మొదట్లో చెట్ల మీద గుంపులుగా మూగే ఒక జాతి పురుగుల్లో రెండు మగవి జతకూడి ఉండడం కీటకశాస్త్రవేత్తల కంటబడింది. ఏకాంతంలో దాక్కుని చేసే పని కాదు గదా, కొమ్మకొమ్మకూ కనిపిస్తూంటే ఎంతమంది కళ్ళు మూసుకోగలరు? బలమైన పురుగు బలహీనమైన పురుగును లొంగదీసుకున్నదని కొందరు సరిపెట్టుకున్నారు. 1896లో అన్రీ గాదో ద కెర్విల్ అనే ఫ్రెంచి ప్రకృతిశాస్త్రవేత్త ఒక అడుగు ముందుకు వేసి, ఈ పురుగుల్లో గత్యంతరం లేక చేసేవీ, ఇష్టపడి చేసేవీ అని రెండు తెగలున్నాయని ప్రకటించాడు. పురుగు ఇష్టాయిష్టాలు ఆయన ఎలా కనుక్కున్నాడో ఆయనకే తెలియాలి. అదట్లా ఉంచితే, 'ఇష్టం' అనే మాట ఒక పురుగు విషయంలో శాస్త్రపత్రికలో అచ్చు కావడం చిన్న సంగతి కాదు.

దాని బరువు తెలిసినవాడు బెర్లిన్‌లో ఉన్నాడు. ఫెర్డినాండ్ కార్ష్ అక్కడి మ్యూజియంలో కీటకాలను భద్రపరిచే శాస్త్రవేత్త. 1871 నాటి జర్మన్ శిక్షాస్మృతి 175వ విభాగం పురుషుల మధ్య సంబంధాన్నీ, మనిషికీ జంతువుకూ మధ్య సంబంధాన్నీ ఒకే వాక్యంలో కలిపి, రెండింటికీ ప్రకృతివిరుద్ధమని ముద్ర వేసింది. ఆ విభాగాన్ని రద్దు చేయించాలని మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే వైద్యుడు ఉద్యమం నడుపుతూ ఒక వార్షిక పత్రిక తెచ్చేవాడు. 1900 నాటి సంచికలో కార్ష్, జంతువుల్లో స్వలింగవర్తన గురించి అప్పటిదాకా అక్కడక్కడా అచ్చయిన పరిశీలనలన్నిటినీ ఏరి ఒక దీర్ఘవ్యాసంగా కూర్చాడు. ప్రకృతిలో లేదంటున్నారు కదా, ఇదిగో చూడండి అన్నది దాని సారాంశం. చట్టం కదలలేదు. హిర్ష్‌ఫెల్డ్ నెలకొల్పిన సంస్థనూ దాని గ్రంథాలయాన్నీ 1933 మేలో నాజీలు ధ్వంసం చేశారు. 175వ విభాగం ఆ తరువాత మరింత కఠినమైంది, దాని కింద వేలాదిమంది నిర్బంధ శిబిరాలకు వెళ్ళారు. ప్రకృతి నుంచి ఎన్ని ఉదాహరణలు కుప్పపోసినా ద్వేషం దానంతటది కరగదని చెప్పడానికి ఇంతకన్నా కటువైన సందర్భం నాకు దొరకలేదు.

ఇక ఈ వ్యాసానికి నన్ను పురికొల్పిన మనిషి దగ్గరకు వస్తాను.

జార్జ్ మర్రీ లెవిక్ బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు. కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువం చేరడానికి 1910లో బయలుదేరదీసిన టెర్రా నోవా యాత్రలో సభ్యుడు. స్కాట్ ధ్రువం వైపు సాగితే, విక్టర్ క్యాంప్‌బెల్ నాయకత్వాన ఆరుగురి జట్టు ఒకటి ఉత్తరాన కేప్ అడేర్ అనే చోట దిగింది. లెవిక్ ఆ ఆరుగురిలో ఒకడు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన అడేలీ పెంగ్విన్ల ఆవాసం అక్కడే ఉంది. 1911–12 వేసవిలో లెవిక్ ఆ పక్షులు రావడం, గూళ్ళకు రాళ్ళు పోగుచెయ్యడం, పరస్పరం రాళ్ళు దొంగిలించుకోవడం, జతకట్టడం, పొదగడం, పిల్లల్ని సాకడం, అంతా మొదటి నుంచి చివరిదాకా చూశాడు. ఒక సంతానకాలం పొడుగునా ఆ ఆవాసంలో ఉండి పరిశీలించిన మొదటి మనిషి అతడే.

అతడు చూసినవాటిలో ఇంగ్లండు మర్యాదకు మింగుడుపడనివి ఉన్నాయి. జత దొరకని మగపక్షులు గుంపులుగా తిరుగుతూ గాయపడిన ఆడపక్షుల మీద పడడం, తప్పిపోయిన పిల్లల్ని హింసించడం, చచ్చి గడ్డకట్టిన పక్షులతో జతకూడబోవడం, మగది మగదానితో జతకూడడం. లెవిక్ విస్తుపోయాడు. ఆ పక్షులకు నేరస్థులకు పెట్టే పేర్లు పెట్టాడు. తన నోటుపుస్తకంలో ఈ భాగాల్లో కొన్నిటిని గ్రీకు అక్షరాల్లో రాసుకున్నాడు. పుస్తకం పొరబాటున ఎవరి కంటబడినా, గ్రీకు నేర్చిన కులీన విద్యావంతుడికి తప్ప మరొకరికి అర్థం కాకూడదని ఆ జాగ్రత్త. మంచు తప్ప మరేమీ లేని చోట, తోడుగా మరో అయిదుగురు మగవాళ్ళు మాత్రమే ఉన్న గుడిసెలో, పెంగ్విన్ల పరువు కాపాడడానికి ఒక మనిషి రహస్యలిపి వెతుక్కున్నాడు! ఆ దృశ్యాన్ని ఊహించుకున్నప్పుడల్లా నాకు నవ్వూ జాలీ ఒకేసారి కలుగుతాయి.

జాలి ఎందుకంటే ఆ తరువాత వాళ్ళు పడిన పాట్లు సామాన్యమైనవి కావు. 1912 జనవరిలో ఓడ వాళ్ళను అక్కణ్ణుంచి తీసుకువెళ్ళి మరోచోట కొద్దివారాల పనికోసం దింపింది. తిరిగి రావలసిన ఓడ సముద్రం గడ్డకట్టడంతో రాలేకపోయింది. ఆరుగురూ ఒక దీవిలో మంచులో గుహ తవ్వుకుని, సీల్ మాంసమూ పెంగ్విన్ మాంసమూ తింటూ, మసి పట్టిన దీపాల కింద శీతాకాలమంతా గడిపి, ప్రాణాలతో బయటపడ్డారు. అదే ఏడు మార్చిలో స్కాట్ తిరుగుదారిలో మరణించాడు.

ఇంగ్లండు చేరాక లెవిక్ 1914లో పెంగ్విన్ల మీద ఒక జనరంజకమైన పుస్తకం, 1915లో శాస్త్రీయ నివేదిక ప్రచురించాడు. లైంగికవర్తన గురించి రాసిన భాగం మాత్రం నివేదికలో చేరలేదు. లండన్ నాచురల్ హిస్టరీ మ్యూజియంలో జంతుశాస్త్ర విభాగాధిపతి సిడ్నీ హార్మర్ దాన్ని తొలగించి, తమ వాడకం కోసం విడిగా కొన్ని ప్రతులు వేయించుకుందామని నిర్ణయించాడు. నాలుగు పేజీల కరపత్రం, వంద ప్రతులు, పైన 'ప్రచురణార్థం కాదు' అనే ముద్ర. అవి తెలిసినవాళ్ళ చేతుల్లో కొంతకాలం తిరిగి, ఆనక కనుమరుగయ్యాయి. దాదాపు వందేళ్ళ తరువాత, ఆ మ్యూజియానికి చెందిన ట్రింగ్ శాఖలో పక్షుల గుడ్లూ గూళ్ళూ చూసే డగ్లస్ రసెల్ అనే అధికారి పాత కాగితాల్లో ఒక ప్రతిని కనుగొని, ఇద్దరు పెంగ్విన్ శాస్త్రవేత్తలతో కలిసి 2012లో వ్యాఖ్యానంతో ప్రచురించాడు. ఈలోగా 1998లో లాయిడ్ డేవిస్ ప్రభృతులు అడేలీ మగపక్షుల మధ్య జతను గమనించి కొత్త సంగతిగా రాశారు. ఆ కరపత్రం సొరుగులో మగ్గుతున్నందువల్ల, తమకన్నా ఎనభై ఏళ్ళకు పైబడి ముందే ఒకడు ఇది చూశాడని వాళ్ళకు తెలియదు.

ప్రకృతిలో లేదనే మాట ఎలా తయారవుతుందో ఇంతకన్నా నిరూపణ అవసరమా? చూసినవాడు గ్రీకులో దాచాడు, అచ్చువేయవలసినవాడు సొరుగులో దాచాడు, తరువాతివాళ్ళు పుస్తకాలన్నీ వెతికి ఎక్కడా లేదన్నారు. ఇది ఒక్క లెవిక్ కథ కాదు. జంతువుల మధ్య ఇలాంటివి చూసినవారు వాటిని పెత్తనం చాటుకోవడమనో, పొరబాటనో, బోనులో బంధించినందువల్ల కలిగిన వికారమనో కొట్టిపారేయడం దశాబ్దాల పాటు సాగింది. ఇంకా సులువైన మార్గం ఒకటుంది. ఒకటి మరొకదాని మీద ఎక్కితే పైది మగ, కిందది ఆడ అని రాసుకోవడమే. ఎడింబరో జంతుప్రదర్శనశాలలో మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి పెంచిన కింగ్ పెంగ్విన్ల ముచ్చట దీనికి తార్కాణం. జతలను చూసి ఆడామగా నిర్ణయించి ఆండ్రూ, బెర్తా, కేరొలిన్, డోరా, ఎరిక్ అని నామకరణం చేశారు. తీరా గుడ్ల దగ్గర అసలు సంగతి బయటపడి, ఆండ్రూ ఆన్ అయింది, బెర్తా బెర్ట్రాండ్ అయ్యాడు, కేరొలిన్ చార్లెస్, ఎరిక్ ఎరికా. అయిదింటిలో పేరు మారనిది డోరా ఒక్కతే.

అయితే లెవిక్ కరపత్రంలో మరో పాఠం కూడా ఉంది. స్వలింగప్రేమను సమర్థించేవారు (వారిలో నేనూ ఒకణ్ణి) దాన్ని దాటవేయకూడదు. ఆ జాబితాలో మగ జంటలతో పాటు బలాత్కారమూ, పిల్లల హింసా, శవాలూ ఉన్నాయి. పెంగ్విన్లు చేస్తాయి కనుక తప్పులేదని అనదలచుకుంటే ఆ జాబితా మొత్తాన్నీ నెత్తిన పెట్టుకోవాలి. 2012 వ్యాఖ్యానకర్తలు చెప్పినదేమిటంటే, అక్కడ నేరమూ లేదు, నీతీ లేదు. చాలావరకు అవి అనుభవం లేని కుర్రపక్షులు. చచ్చి గడ్డకట్టిన పక్షి భంగిమ, జతకు సిద్ధమై పడుకున్న ఆడపక్షి భంగిమను పోలి ఉంటుంది. కొద్దిరోజుల్లో ముగిసిపోయే ఋతువులో సంకేతాలు తప్పుగా చదివిన జీవాలవి. లెవిక్ వాటిని మనుషులనుకుని తిట్టాడు. మనం వాటిని మనుషులనుకుని మెచ్చుకోబోతే చేసేదీ ఆ పనే.

మెచ్చుకోవడంలోని చిక్కు 2005లో రెండు వైపులా ఒకేసారి బయటపడింది. ఎంపరర్ పెంగ్విన్ల మీద ఫ్రెంచివాళ్ళు తీసిన డాక్యుమెంటరీ ఆ ఏడు అమెరికాలో విడుదలైతే, అక్కడి సంప్రదాయవాదులు ఏకపత్నీవ్రతానికీ కుటుంబవిలువలకూ అది నిదర్శనమన్నారు. నిజానికి ఎంపరర్ పెంగ్విన్లలో అత్యధికభాగం ఏటా జత మారుస్తాయి. అదే ఏడు, న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జంతుప్రదర్శనశాలలో రాయ్, సైలో అనే రెండు మగ చిన్‌స్ట్రాప్ పెంగ్విన్లు కలిసి గుడ్డు పొదిగి టాంగో అనే పిల్లను సాకిన ఉదంతం పిల్లల బొమ్మలపుస్తకంగా వచ్చి, ఇటువైపువారి ఆదరణ పొందింది. పుస్తకం వచ్చిన ఏడాదే సైలో రాయ్‌ని విడిచి ఒక ఆడపెంగ్విన్‌తో వెళ్ళిపోయిందన్న వార్తా వచ్చింది. అటువారు పండగ చేసుకున్నారు. ఆ రెండు పక్షులకు ఈ గొడవ ఏమీ తెలియదు.

ఆ బొమ్మలపుస్తకం అమెరికా గ్రంథాలయాల్లో అత్యధిక అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాల జాబితాలో ఏళ్ళ తరబడి అగ్రస్థానంలో నిలిచింది. 2014లో సింగపూర్ జాతీయ గ్రంథాలయం దాన్ని పిల్లల విభాగం నుంచి తీసేసి నాశనం చేయబూనితే, జనం నిరసించారు. చివరికి పెద్దల విభాగంలోకి మార్చారు. పెంగ్విన్ బొమ్మలతో నిండిన పుస్తకం పెద్దలకు మాత్రమే! సింగపూరుకు ఈ చట్టపు బాధ ఎక్కడిదంటారా, మనకెక్కడిదో అక్కణ్ణుంచే. బ్రిటిష్ వలసపాలకులు రాసిచ్చిన 377ఎ విభాగాన్ని వారి పార్లమెంటు 2022 నవంబరులో రద్దు చేసింది.

ఇప్పుడు గుడ్ల సంగతి. 1970లలో జార్జ్ హంట్, మోలీ హంట్ అనే దంపతులు కాలిఫోర్నియా దగ్గరి సాంటా బార్బరా దీవిలో వెస్టర్న్ గల్ అనే సముద్రపక్షుల గూళ్ళు లెక్కపెడుతూ, కొన్ని గూళ్ళలో ఉండవలసిన మూడు గుడ్లకు బదులు అయిదారు దాకా ఉండడం గమనించారు. పక్షులను పట్టి పరీక్షిస్తే, ఆ గూళ్ళను కాపురాలు చేసుకున్నవి రెండేసి ఆడపక్షులు. రెండూ గుడ్లు పెట్టడంతో లెక్క రెట్టింపయింది. వాటిలో చాలావరకు పిల్లలు కాలేదు. అరిస్టాటిల్ పావురాలకు ఇరవైమూడు శతాబ్దాల తరువాత అదే లెక్క! జంటల్లో 14 శాతం దాకా ఇలాంటివేనని వారి పత్రం 'సైన్స్' పత్రికలో 1977 జూన్‌లో వెలువడింది. సరిగ్గా అదే నెలలో ఫ్లోరిడాలోని డేడ్ కౌంటీలో, స్వలింగప్రియులకు ఉద్యోగాల్లో, ఇళ్ళ అద్దెల్లో వివక్ష నుంచి రక్షణ ఇచ్చే శాసనాన్ని గాయని అనీటా బ్రయంట్ ఉద్యమం ఫలితంగా ప్రజాభిప్రాయ సేకరణలో రద్దు చేశారు. ఇక ఆ పక్షులు వార్తల్లోకి ఎక్కకుండా ఎలా ఉంటాయి?

1981లో ఇంకో మలుపు. డీడీటీ పురుగుమందు పక్షి గుడ్లలోకి చేరితే మగపిండాలు ఆడలక్షణాలు సంతరించుకుంటాయని పరిశోధకులు చూపించారు. ఆ తీరంలో డీడీటీ కాలుష్యం విపరీతం. మగపక్షులు కరువై ఆడవి జతకట్టాయన్నమాట. అయితే ఇది ప్రకృతి కాదు, కాలుష్యమేనని ఒక పక్షం ఊపిరి పీల్చుకుంది. పాపం, ఆ ఊపిరి ఎక్కువకాలం నిలవలేదు. హవాయి దీవుల్లోని కాయెనా పాయింట్ వద్ద లేసన్ ఆల్బట్రాస్ పక్షుల్లో 31 శాతం జంటలు ఆడ–ఆడ జంటలని లిండ్సే యంగ్ బృందం 2008లో ప్రకటించింది. అక్కడ కారణం విషం కాదు. కొత్త ఆవాసానికి మగవాటికన్నా ఆడవి ఎక్కువగా వలసవచ్చాయి. ఒంటిపక్షి గుడ్డు పొదగలేదు, తోడు కావాలి. మగది దొరకకపోతే మరో ఆడదానితో కలిసి ఏళ్ళ తరబడి సంసారం చేస్తాయి. ఇందులో ప్రేమ ఎంత, అవసరం ఎంత అని అడిగేవారు, ఆ ప్రశ్న మన పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళకు కూడా వేసి చూడవచ్చు.

మన దేశపు సాక్షులూ ఉన్నారు. జోధ్‌పూర్ పరిసరాల్లోని కొండముచ్చుల గుంపుల్లో ఆడవి ఆడవాటితో కూడడాన్ని సవిస్తరంగా పరిశీలించిన పత్రం 1991లో అచ్చయింది. 1938లో భారతదేశం నుంచి 409 రీసస్ కోతులను ఓడలో తీసుకువెళ్ళి ప్యూర్టోరికో దగ్గర కాయో శాంటియాగో అనే చిన్న దీవిలో విడిచారు. వాటి సంతతి ఇప్పటికీ అక్కడ స్వేచ్ఛగా తిరుగుతోంది. 236 మగకోతులను మూడేళ్ళు గమనిస్తే, మగవాటి మీద ఎక్కినవి 72 శాతం, ఆడవాటి మీద ఎక్కినవి 46 శాతం అని తేలింది. ఈ పత్రం 2023 నాటిది. అలా చేసినవాటికి సంతానం తక్కువేమీ కాలేదనీ, ఆ ధోరణి కొంతమేరకు వంశపారంపర్యంగా వస్తుందనీ కూడా అందులో ఉంది.

ఇక్కడ కొంచెం రామాయణంలో పిడకల వేట. మన వ్యాకరణంలో ప్రకృతి–వికృతి అని చదువుకున్నాం కదా. విద్యకు విద్దె, రాత్రికి రాతిరి, ఆకాశానికి ఆకసం. వికృతి అంటే అక్కడ తిట్టు కాదు, మూలం నుంచి నడిచివచ్చిన రూపం మాత్రమే. పైపెచ్చు తెలుగుదనం ఉన్నది వికృతిలోనే. అదే మాటకు బజారులో 'జుగుప్సాకరం' అనే అర్థం ఎలా పట్టుకుందో నిఘంటుప్రియులెవరైనా తీరిగ్గా పరిశోధించవలసిందే. ఏ మాటకామాటే, చట్టం రాసినవాడికి ఈ తేడాతో పనిలేదు. మెకాలే అధ్యక్షతన 1837లో ముసాయిదా తయారై, 1860లో శాసనమైన భారత శిక్షాస్మృతి 377వ విభాగం 'ప్రకృతిక్రమానికి విరుద్ధమైన' సంభోగాన్ని నేరమన్నది. ఆ క్రమం ఏమిటో అందులో నిర్వచించలేదు. సంతానానికి అవకాశం ఉన్నదే సహజమని 1925లో సింధు న్యాయస్థానం ఒక వ్యాజ్యంలో భాష్యం చెప్పింది. ఆ లెక్కన హంట్ దంపతుల పక్షులు, వందలాది జాతుల జంతువులు, ఏ వయసు మళ్ళిన దంపతులైనా సరే, ముద్దాయిలే.

విచిత్రంగా, ఈ తర్కాన్ని మూలంలోనే నరికిన వ్యాసం అదే ఈస్టిండియా కంపెనీ గుమాస్తా బల్ల మీద పుట్టింది. కంపెనీ లండన్ కార్యాలయంలో ఉద్యోగి అయిన జాన్ స్టూవర్ట్ మిల్ 1850లలో ప్రకృతి అనే మాట మీద ఒక వ్యాసం రాసిపెట్టుకున్నాడు. అది ఆయన చనిపోయాక 1874లో అచ్చయింది. మనుషులు చేస్తే ఉరితీసే పనులన్నీ ప్రకృతి రోజూ చేస్తూనే ఉంటుంది, కనుక దాన్ని అనుకరించడం నీతి కాజాలదని ఆయన వాదన. లెవిక్ ఈ వ్యాసం చదివి ఉంటే గ్రీకు అవసరం పడేది కాదేమో.

మన న్యాయస్థానాలు కూడా ఎట్టకేలకు ఆ దారికే వచ్చాయి. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన విముక్తిని 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ మధ్యకాలంలో తమ బంధం గురించి ఇంట్లో ధైర్యంగా చెప్పుకున్నవారు మళ్ళీ రాత్రికి రాత్రి నేరస్థులయ్యారు. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పరస్పర సమ్మతితో వయోజనుల మధ్య జరిగేదానికి 377 వర్తించదని ఏకగ్రీవంగా తేల్చింది. ఆ తీర్పు నిలబడినది పెంగ్విన్ల మీదా కోతుల మీదా కాదు. సమానత్వం, వ్యక్తిగత స్వేచ్ఛ, గౌరవంతో బ్రతికే హక్కు అనే రాజ్యాంగపు మాటల మీద. నాకు అది సబబుగా తోచింది. జంతువుల పరిశీలన అబద్ధాన్ని అబద్ధమని చూపగలదు. ఆ పని చాలా పెద్దది. అంతకుమించి దానిచేత మోయించడం న్యాయం కాదు.

2024 జూలై 1న భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చి పాత శిక్షాస్మృతిని పూర్తిగా తొలగించింది. ప్రకృతిక్రమం అనే మాట దానితో పాటే పోయింది. అయితే 2018 తరువాత 377లో మిగిలిన భాగం, అంటే సమ్మతి లేని కృత్యాలూ, జంతువులపై లైంగికహింసా, వీటికి సమానమైన విభాగం కొత్త సంహితలో పెట్టలేదు. పురుషుడిపై అత్యాచారం జరిగితే ఏ విభాగం కింద కేసు పెట్టాలన్న ప్రశ్న ఢిల్లీ హైకోర్టు ముందుకు వెళ్ళింది. దాని మీద నిర్ణయం తీసుకోమని 2024 ఆగస్టులో కోర్టు కేంద్రప్రభుత్వానికి చెప్పింది. ప్లేటో కాలం నుంచి సాక్ష్యానికి పిలిపించుకున్న ఆ మూగజీవాలకు పాత విభాగం ఇచ్చిన రక్షణ కూడా దానితోనే పోయింది.